శాశ్వతోద్యోగి పల్లాడియం

డాక్టర్ ఈమని సువర్చలకు కీటోన్లు చేయడం తప్ప మరో వ్యసనం లేదు. హైదరాబాదు శివార్లలోని సంయోగ రసాయన పరిశోధనాలయంలో చేరిననాటి నుంచీ ఆవిడ పని అదే. పెళ్లిళ్లలో బంధువులెవరైనా "ఇంతకీ నువ్వు చేసేదేమిటే?" అని అడిగితే, "గోళ్లరంగు చెరిపే మందు ఉంటుంది చూడు, దాని చుట్టాలను తయారుచేస్తుంటాను" అని చెప్పి విస్తరి ముందు కూర్చునేది. ఆ చుట్టాలు అంత తీసిపారేసేవేం కావు. అత్తరులో పరిమళం దగ్గర్నుంచి మూర్ఛకు వేసే మాత్ర దాకా చాలావాటి కడుపులో ఏదో ఒక కీటోను ఉంటుంది.

ఆ ఏడు తొలకరి వానలు పడుతుండగా పిల్లల ఆసుపత్రి నుంచి డాక్టర్ జెబున్నీసా ఫోన్ చేసింది. ఇద్దరూ ఇంటర్మీడియట్‌లో ఒకే బెంచీ.

"మా వార్డులో మూర్ఛలొచ్చే కొంతమంది పిల్లలకి ఒకే ఒక్క మాత్ర పనిచేస్తుంది సువర్చలా. అది బయటిదేశం నుంచి రావాలి. అక్కడివాళ్లు లాభం లేదని మానేశారు. ఇక్కడ చేస్తామని ఒక చిన్న కంపెనీ ముందుకొచ్చింది. అన్నీ ఉన్నాయట గానీ, లోపల పడాల్సిన కీటోను దొరకట్లేదట. నీకు చేతనవుతుందా?"

"నీ దగ్గరున్న మందు ఎన్నాళ్లు వస్తుంది?"

"దసరా దాకా లాగుతాను. ఆ తర్వాత నాకు తెలీదు."

సువర్చల ఆ కీటోను బొమ్మ కాగితం మీద గీసుకుంది. పాత పద్ధతిలో చేయాలంటే అల్యూమినియం క్లోరైడు గుమ్మరించాలి. గది నిండా ఘాటైన పొగ, తొట్ల నిండా ఆమ్లపు బురద. అంత చేసినా అతుక్కోవాల్సిన ముక్క ఒకచోటికి బదులు రెండుచోట్ల అతుక్కుంటుంది. పసిపిల్లలకు వేసే మందులో అలాంటి కలగాపులగం పనికిరాదు. పల్లాడియం అనే లోహం చిటికెడు వేస్తే మాత్రం రెండు ముక్కలూ చక్కగా, చేరాల్సిన చోటే చేరతాయి. చిన్న గాజు కుప్పెలో చేసి చూసింది. తెల్లటి స్ఫటికాలు వచ్చాయి. పెద్ద కుప్పెలో చేయడానికి కొత్త పల్లాడియం కావాలని కొనుగోలు విభాగానికి రాసింది.

రెండో రోజే ఆర్థికాధికారి నిడుముక్కల విద్యాధరరావు గారి నుంచి పిలుపు వచ్చింది. ఆయన కొత్తగా కాలువల శాఖ నుంచి బదిలీ మీద వచ్చాడు. నిజాయితీపరుడు. సంస్థ కాఫీ కూడా తాగడని పేరు.

"కూర్చోండమ్మా. సదరు పల్లాడియం అనునది ఉత్ప్రేరకమా?"

"అవునండీ."

ఆయన సొరుగులోంచి అట్టవేసిన పుస్తకం ఒకటి తీశాడు. "ఉత్ప్రేరకమనగా, తాను ఎట్టి మార్పునకునూ లోనుగాక రసాయన చర్యావేగమును మార్చు పదార్థము. మా అమ్మాయి స్కూలు పుస్తకం. ఇందులో తప్పేమైనా ఉందా?"

"తప్పులేదండీ. కాకపోతే..."

"తప్పులేదు. సంతోషం. తాను మారదు, కావున తరగదు. కాలువలో ఎన్ని నీళ్లు పారినా కాలువ తరగనట్టు. మరి తరగనిదానిని ఈ సంస్థ ఏటేటా ఎందుకు కొనుచున్నది? మొదట కొన్న పల్లాడియం ఏమైనట్టు?"

సువర్చలకు ఓపికగా చెప్పడం అలవాటు. "ఇది పెళ్లిళ్ల పేరయ్య లాంటిదండీ. ఇటువాళ్లనూ అటువాళ్లనూ కలుపుతుంది, ముడి పడగానే తాను తప్పుకుంటుంది."

"బాగా చెప్పారు. పేరయ్య ప్రతి పెళ్లికీ కొత్తవాడు రాడు గదా. ఊళ్లో అన్ని పెళ్లిళ్లకూ ఆ పాత పేరయ్యే. మీరు ఏటా కొత్త పేరయ్యను కొంటున్నారు."

"పేరయ్యకీ వయసవుతుంది కదండీ. కొంత గాజుకు అంటుకుపోతుంది. కొంత వడపోతలో పోతుంది. కొంత ముద్దకట్టి పనిమానేస్తుంది."

విద్యాధరరావు గారు పుస్తకం మూసి, అట్ట మీద అరచెయ్యి పెట్టాడు. "ఇది ప్రభుత్వం వారు ముద్రించిన పుస్తకం. ఇందులో విషయం అసత్యమని తమరు నాకు రాతపూర్వకంగా ఇవ్వగలరా?"

ప్రభుత్వాన్ని విమర్శించరాదని సువర్చల ఉద్యోగంలో చేరేటప్పుడే సంతకం పెట్టింది. లేచి వచ్చేసింది.

వారం తిరక్కుండా ఉత్తర్వు వెలువడింది. "ఇందుమూలముగా సమస్త విభాగములకు తెలియజేయునదేమనగా, ఉత్ప్రేరకములు స్వభావరీత్యా మార్పు చెందనివి అయినందున, అవి ఇకమీదట ఖర్చగు వస్తువులుగా గాక, బల్లలు, కుర్చీలు, బీరువాలతో సమానముగా శాశ్వత ఆస్తులుగా పరిగణింపబడును. విభాగమునకు ఒక ఉత్ప్రేరకము మాత్రమే ఉండవలెను. ప్రతి ఉత్ప్రేరకము మీదను ఆస్తి సంఖ్య స్పష్టముగా లిఖింపవలెను."

మర్నాడు ప్రయోగశాల సాంకేతికాధికారి మస్తాన్‌వలీ చేతిలో చిన్న పెయింటు డబ్బా, కుంచె పట్టుకొని వచ్చాడు. ఆయనది గుంటూరు వైపు. దేనికీ తొణికే మనిషి కాడు.

"స్టోర్స్ వాళ్లు ఇచ్చారు మేడం. పల్లాడియం మీద నంబరు రాయాలంట."

"సీసా మీద రాయండి."

"అడిగాను. సీసా మీద రాస్తే సీసా నంబరవుద్దంట. పొడి మీదే రాయాలంట. పొడి నల్లగా ఉంది గాబట్టి తెల్ల పెయింటు బాగా కనపడుద్దన్నారు."

సువర్చల ఆ బొగ్గుపొడి లాంటి పొడిని చూసింది, కుంచెను చూసింది. "ఒక రేణువు మీద రాశామని చెప్పండి. కళ్లకు కనపడదని కూడా చెప్పండి."

"అదే చెప్పొచ్చాను. ఏ రేణువో గుర్తుపెట్టుకోమన్నారు."

ఆస్తుల తనిఖీకి ముగ్గురు సభ్యుల సంఘం వచ్చింది. తోటల పర్యవేక్షకుడు, క్యాంటీన్ మేనేజరు, గ్రంథాలయాధికారి. వాళ్లు బల్లలు లెక్కపెట్టారు, బీరువా తలుపులు తీసి వేశారు. తర్వాత "పల్లాడియం ఏదండీ?" అన్నారు.

సువర్చల అప్పటికి సీసా అడుగున ఉన్న పాత పల్లాడియంతోనే పని మొదలుపెట్టేసింది. కుప్పె గిర్రున తిరుగుతోంది. తలెత్తకుండానే "పనిలో ఉందండీ" అంది.

ఆ ఒక్కమాట కొంప ముంచింది. సంఘం వారు దాన్ని తు.చ. తప్పకుండా నివేదికలో రాశారు. అది చదివి విద్యాధరరావు గారు రెండు రోజులు ఆలోచనలో పడ్డాడని, మధ్యాహ్నం భోజనం కూడా సరిగా చేయలేదని తర్వాత తెలిసింది. బల్ల పనిచేయదు. బీరువా పనిచేయదు. తనిఖీ సమయంలో పనిలో ఉన్నట్టు కనిపించినది ఆస్తి ఎలా అవుతుంది? పనిచేస్తూ, మారకుండా, తరగకుండా, ఒకేచోట ఏళ్ల తరబడి ఉండేదానికి ప్రభుత్వ పరిభాషలో ఒకటే పేరు. ఆయన పాత ఉత్తర్వును రద్దుచేసి, పల్లాడియాన్ని స్టోర్స్ నుంచి సిబ్బంది విభాగానికి బదలాయించాడు.

సిబ్బంది విభాగం సూపరింటెండెంటు కొప్పుల యాదమ్మ ఫైలు చంకన పెట్టుకొని స్వయంగా వచ్చింది.

"మేడం, మీ పల్లాడియంకు సర్వీసు బుక్కు తెరవాలె. పుట్టిన తేదీ చెప్పుండ్రి."

"అది మూలకం యాదమ్మగారూ. నక్షత్రాలు పేలినప్పుడో ఢీకొన్నప్పుడో పుట్టింది."

"గంత పాతదా? అట్లయితే ఎప్పుడో రిటైర్ కావాల్సింది. వద్దు, కొన్న తేదీ రాసుకుంట." ఆమె రాసుకొని, "ఏ గ్రూపు?" అంది.

"పది."

"నా సర్వీసుల గ్రూపు డీ దాక చూసిన. గ్రూపు పది ఎన్నడు చూడలే. జీతం మస్తు తక్కువుంటదేమో పాపం."

యాదమ్మ మంచిది. పోతూపోతూ గుమ్మం దగ్గర ఆగి చెప్పింది. "ఒక్క మాట మేడం. పర్మినెంటు స్టాఫ్ అయినంక ఆఫీసు టైం దాటి పనిచేయించొద్దు. అయిదున్నరకు బయటికి పంపియ్యాలె. యూనియన్లు గుసగుసలాడుతున్నయి."

ఆ చర్య పూర్తికావాలంటే సాయంత్రం పెట్టి తెల్లవారిదాకా ఉంచాలి. అయిదున్నరకు ఆపేస్తే సగం ముక్కలు అతుక్కోకుండానే మిగిలేవి. మస్తాన్‌వలీ రోజూ సాయంత్రం కుప్పె ఆపి, నల్లపొడిని వడగట్టి, కడిగి, ఆరబెట్టేవాడు. సెక్యూరిటీ వాళ్లు వచ్చి "బయటికి వెళ్లిందా?" అని అడిగేవారు. "వెళ్లిందయ్యా" అనేవాడు. పొద్దున మళ్లీ వేసేవాడు. వడగట్టినప్పుడల్లా కొంత పోయేది. మిగిలింది రోజురోజుకూ నీరసపడేది. వినాయకచవితి నాటికి తెల్లటి స్ఫటికాలకు బదులు బెల్లంపాకం లాంటి జిగురు వచ్చింది. ఆ తర్వాత అదీ రాలేదు.

కారణం వెతికితే తేలింది. కీటోనుకు ముడిసరుకుగా వాడే ఆమ్ల క్లోరైడులో గంధకం జాడలు మిగిలిపోయాయి. గంధకం పల్లాడియానికి పట్టుకుందంటే ఇక వదలదు. కొత్త సరుకైతే ఆ కాస్త గంధకాన్నీ తట్టుకొనేదే. అలసిపోయినది తట్టుకోలేకపోయింది. సువర్చల వారపు నివేదికలో రసాయన శాస్త్రజ్ఞులంతా రాసే మాటే రాసింది: "విషప్రభావం వల్ల ఉత్ప్రేరకం నిర్వీర్యమైంది."

సాయంత్రానికల్లా ప్రయోగశాల చుట్టూ పసుపుపచ్చ టేపు కట్టేశారు. పోలీసుశాఖలో రిటైరై ఇక్కడ భద్రతాధికారిగా చేరిన బాజీరావు కుర్చీ లాక్కొని కూర్చున్నాడు. ఆయనకు ఈ సంస్థలో ఇన్నేళ్లుగా సైకిలు దొంగతనాలు తప్ప కేసు తగలలేదు.

"విషం పెట్టినట్టు మీరే రాశారు. ఎవరిమీదైనా అనుమానం ఉందామ్మా?"

"గంధకం మీద."

"పూర్తి పేరు?"

"గంధకమేనండీ. సల్ఫర్ అని కూడా అంటారు."

"మారుపేరు సల్ఫర్." రాసుకున్నాడు. "ఏ విభాగం?"

"పదహారో గ్రూపు సార్" అన్నాడు మస్తాన్‌వలీ.

"పాతకక్షలేమైనా ఉన్నాయా?"

సువర్చల నిజాయితీగా ఆలోచించింది. "ఉన్నాయండీ. పల్లాడియం ఎక్కడ కనపడ్డా మీదపడుతుంది. ఇవాళ్టిది కాదు."

"ఇప్పుడెక్కడున్నాడు?"

"పల్లాడియానికి పట్టుకున్నది పోగా మిగిలింది ఆవిరై పోయుంటుంది."

"పరారీ" అని రాసి బాజీరావు సంతృప్తిగా లేచాడు. ఇంత సూటిగా జవాబిచ్చే సాక్షిని తన సర్వీసులో చూడలేదని మస్తాన్‌వలీతో అన్నాడు.

ఆ ఆదివారం సువర్చల ఆసుపత్రికి వెళ్లింది. జెబున్నీసా మందుల గదిలో నిలబడి మాత్రలను బ్లేడుతో సగానికి కోస్తోంది. పలకరింపుగా తల ఊపింది గానీ చెయ్యి ఆపలేదు.

"సగం డోసు పనిచేస్తుందా?"

"సగం పిల్లలకి చేస్తుంది."

వార్డులో కిటికీ పక్క మంచం మీద ఆరేళ్ల పిల్ల పడుకొని ఉంది. పేరు మౌక్తిక. పొద్దుట్నుంచి మూడోసారి ఫిట్స్ వచ్చి తగ్గి, తడి జుట్టు నుదుటికి అంటుకొని, కళ్లు సగం తెరిచి ఉంది. తల్లి సంగారెడ్డి అవతలినుంచి వచ్చిన మనిషి. సువర్చలను చూసి లేచి నిలబడింది.

"మందు జేసేటి మేడం మీరేనంటగా. ఇంకెన్నొద్దులకొస్తది మేడం?"

పల్లాడియం మృతిపై విచారణ జరుగుతోందని ఆమెతో ఎలా చెప్పడం? "తొందర్లోనే వస్తుందమ్మా" అంది సువర్చల. ఆ మాట అన్నందుకు బస్సు ఎక్కేదాకా తనమీద తనకే అసహ్యం వేసింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చొని ఆలోచించింది. ఇన్నాళ్లూ తాను రసాయనశాస్త్రం మాట్లాడింది. వాళ్లు నియమావళి మాట్లాడారు. తాను చెప్పిన ఒక్క మాటా వాళ్లకు ఎక్కలేదు. కానీ పనిలో ఉంది, విషం, పాతకక్షలు అన్నవి మాత్రం వెంటనే ఎక్కాయి. వాళ్లకు అర్థమయ్యే భాష లేకపోలేదు. అది తనకు రాదు, అంతే. మర్నాడు గ్రంథాలయం నుంచి సిబ్బంది నియమావళి తెచ్చుకొని, కొత్త పరిశోధనపత్రం చదివినంత శ్రద్ధగా, మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదివింది.

తర్వాత నలుపు అంచు తెల్లచీర కట్టుకొని విద్యాధరరావు గారి గదికి వెళ్లింది.

"మా విభాగం శాశ్వతోద్యోగి పల్లాడియం విధినిర్వహణలో ఉండగా మరణించిన విషయం తమ దృష్టికి తెస్తున్నానండీ."

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "విచారణ నివేదిక చూశానమ్మా. చాలా విచారకరం. ఎన్నేళ్ల సర్వీసు?"

"నాతోపాటే చేరింది."

"మచ్చలేని సర్వీసు. సెలవు కూడా పెట్టలేదని యాదమ్మ చెప్పింది." మళ్లీ కుర్చీలో కూర్చొని, "కుటుంబం ఉందా?" అన్నాడు.

సువర్చల అందుకోసమే వచ్చింది. "తమ్ముడున్నాడండీ. నికెల్. సర్వీసులో ఉండగా చనిపోయినవారి కుటుంబంలో ఒకరికి కారుణ్య నియామకం కింద ఉద్యోగం ఇవ్వవచ్చని నియమావళి ఇరవైమూడో అధ్యాయంలో ఉంది."

"ఉంది" అన్నాడాయన. ఆ అధ్యాయం ఎవరైనా చదివినందుకు ఆయన ముఖంలో మొదటిసారి వెలుగు కనిపించింది. "కానీ బంధుత్వం రుజువు కావాలి."

సువర్చల సంచిలోంచి మూలకాల పట్టిక తీసి బల్లమీద పరిచింది. "ఇదిగోనండీ. ఒకే నిలువు వరస, ఒకే కుటుంబం. పైన నికెల్, మధ్యలో మన పల్లాడియం, కింద ప్లాటినం. డైరెక్టర్ గారు ధ్రువీకరించారు."

ఆయన వేలితో ఆ వరసను పైనుంచి కిందికి తడిమాడు. "ప్లాటినం అన్న అవుతాడు. పెద్దవాడికి కదా ముందు హక్కు?"

"నగల వ్యాపారంలో స్థిరపడ్డాడండీ. ఈ జీతానికి రాడు."

"మరి ఈ తమ్ముడు?"

"చిల్లర నాణేల్లోనూ, కుళాయిల పూతపనిలోనూ రోజులు గడుపుతున్నాడు. అన్న చేసే పనే చేయగలడు. అన్నతో పోలిస్తే చాలా తక్కువకు వస్తాడు."

నియమావళి ప్రకారం కారుణ్య నియామకం దిగువ హోదాలోనే ఇవ్వాలి. అన్నీ కుదిరాయి. విద్యాధరరావు గారు సంతకం పెట్టి, పెన్ను మూత పెట్టాడు. "ముందు సంతాపసభ జరగాలి. మరణించినవారికి గౌరవం దక్కకుండా వారసుడికి ఉత్తర్వు ఇవ్వడం భావ్యం కాదు."

సభ క్యాంటీన్ పక్క హాల్లో జరిగింది. సంస్థకు తీరని లోటని డైరెక్టర్ గారు అన్నారు. ఆ వాక్యం ఆయనకు కంఠతా వచ్చు. అందరూ లేచి నిలబడి మౌనం పాటించారు. ఇదంతా తాను ఆడించిన నాటకమేనని సువర్చలకు తెలుసు. అయినా, పెళ్లి కాకముందు నుంచీ తన చేతుల మీదుగా వందల కీటోన్లు చేసిపెట్టిన ఆ నల్లపొడి గుర్తొచ్చింది. చివరి రోజుల్లో దాన్ని ఎంత అరగదీసింది, ఎన్నిసార్లు కడిగింది, ఎన్నిసార్లు మళ్లీ పనిలో పెట్టింది. కళ్లు తడిశాయి. పక్కనున్న యాదమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి, "పోయినోళ్లు మంచోళ్లు మేడం" అంది.

నికెల్ శుక్రవారానికల్లా వచ్చేసింది. టెండర్లు లేవు, కొటేషన్లు లేవు. కొనుగోలైతే ఆర్నెల్లు పట్టేది, ఇది నియామకం.

నిజానికి నికెల్ అంటే సువర్చలకు మొదట్నుంచీ పడేది కాదు. చదువుకునే రోజుల్లో ఒకసారి వాడింది. గాలి తగిలితే అలుగుతుంది, కాస్త తడి తగిలితే పని మానేస్తుంది. ఈసారి మరో దారి లేదు. ముడిసరుకును రెండుసార్లు శుద్ధిచేసి గంధకం ఆనవాలు లేకుండా చూసింది. కుప్పెలో గాలి తీసేసి నైట్రోజన్ నింపింది. అయిదున్నరకు ఎవరూ రాలేదేమని అడిగితే మస్తాన్‌వలీ చెప్పాడు.

"యాదమ్మగారిని కనుక్కున్నాను మేడం. ప్రొబేషన్‌లో ఉన్నోళ్లకి టైములు లేవంట. ఎంతసేపైనా చేయించుకోవచ్చంట."

పొద్దున వచ్చి చూస్తే కుప్పెలో చిక్కటి పసుపు ద్రవం ఉంది. చల్లార్చి, వడగట్టి, మళ్లీ కరిగించి పక్కన పెట్టారు. టీ తాగొచ్చేసరికి గాజుగోడ మీద ఒక సూది మొలిచింది. దాని పక్కన ఇంకొకటి. మధ్యాహ్నానికి కుప్పె అడుగంతా మల్లెమొగ్గలు ఆరబోసినట్టు తెల్లటి స్ఫటికాలు. పరీక్షించి చూస్తే ముక్క ఒక్కచోటే, అతుక్కోవాల్సిన చోటే అతుక్కొని ఉంది. సువర్చల ఆ ఫలితాన్ని మరోసారి చదివింది. మస్తాన్‌వలీ అటు తిరిగి కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

కంపెనీవాళ్లు మాత్రలు ఒత్తారు. పరీక్షలు, అనుమతులు అయ్యేసరికి బతుకమ్మ పాటలు వినిపిస్తున్నాయి. దసరా ముందురోజు జెబున్నీసా ఫోన్ చేసింది.

"మౌక్తికకి ఫుల్ డోసు మొదలుపెట్టి వారమైంది. నాలుగు రోజులుగా ఫిట్స్ లేవు. పొద్దున ఇడ్లీ వద్దని గొడవ చేసింది. వాళ్లమ్మ ఆ గొడవ చూసి ఏడుస్తోంది. ఏం మాయ చేశావు?"

"ఒకళ్లకి ఉద్యోగం ఇప్పించాను" అంది సువర్చల.

సెలవుల తర్వాత ఒక మధ్యాహ్నం విద్యాధరరావు గారు ప్రయోగశాల గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. ఆయన పరిపాలనా భవనం దాటి ఇటువైపు రావడం ఎవరూ చూసి ఉండలేదు. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. సువర్చల లేచింది. మళ్లీ ఏ ఉత్తర్వు పట్టుకొచ్చాడో అనుకుంది.

"పనిమీద రాలేదమ్మా. కొత్తగా చేరిన అబ్బాయి ఎలా ఉన్నాడో చూసిపోదామని."

ఆమె కుప్పె చూపించింది. గాజు లోపల పసుపు ద్రవం నిదానంగా సుడి తిరుగుతోంది. ఆయన చేతులు వెనక్కి కట్టుకొని, దగ్గరగా వంగి, చాలాసేపు చూశాడు.

"బాగా పనిచేస్తున్నాడా?"

"బాగా చేస్తున్నాడండీ. రాత్రింబవళ్లు."

"చేస్తాడు" అన్నాడాయన, కుప్పె మీంచి చూపు తిప్పకుండా. "ఇంట్లో పెద్దదిక్కు పోయి, ఆ కుర్చీలో వచ్చి కూర్చున్నవాళ్లు ఒళ్లు దాచుకోరమ్మా. మా నాన్న కాలువ గట్టు మీద డ్యూటీలోనే పోయాడు. పంతొమ్మిదేళ్లకు నేనూ ఇలాగే చేరాను."

సువర్చల స్టూలు ఒకటి తెచ్చి ఆయన పక్కన వేసింది. ఆయన కూర్చున్నాడు. మస్తాన్‌వలీ టీ తెచ్చి ఇస్తే, ఎవరి డబ్బుతో కొన్నదని కూడా అడక్కుండా తాగాడు.